మెడూసాకు అందం ఎప్పుడొచ్చింది?



 ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి గురించి పెద్దలు ఇప్పటికే చాలా చెప్పారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆయన నా వ్యాసాలు చదివేవారు కాదు. చదివానని మొహమాటానికైనా ఎన్నడూ అనలేదు. ఆ రెండో గుణం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఇక విషయంలోకి వస్తాను.

ఆహ్వానపత్రంలో గ్రీకు దేవతలు, రాక్షసులు, వారి తరగని ఆకర్షణ అని వేశారు. ఒలింపస్ మీది పన్నెండుమంది, జ్యూస్ లీలలు, హెరాక్లీస్ సాహసాలు, ట్రాయ్ యుద్ధం మీకు తెలిసినవే. తెలియనివారుంటే ఇంట్లో పిల్లల్ని అడగండి, ఆ సినిమాలన్నీ వాళ్లు చూసేశారు. నాకిచ్చిన సమయం మొత్తం నేను ఒక్క ముఖం మీదే ఖర్చు చేస్తాను.

మెడూసా కథ ఇప్పుడు ఎవరు చెప్పినా ఒకేలా చెబుతున్నారు. ఆమె చక్కని కన్య. ఎథీనా గుడిలో పొసైడన్ ఆమెను బలాత్కరించాడు. దేవత అతన్ని వదిలేసి ఆమెను శిక్షించింది, జుట్టును పాములు చేసింది. ఇదే అసలు కథ అనీ, ఆమెను రాక్షసిని చేసింది తర్వాతి మగ కవులనీ ఒక మాట స్థిరపడిపోయింది. ఈ మాటతోనే నాకు పాత తగాదా. ఒక సదస్సులో దీన్ని కాదన్నందుకు ఒకాయన నన్ను స్త్రీద్వేషి అన్నారు. ఆయన గ్రీకు కవి హెసియడ్‌ను తెరిచి చూసినట్టు నాకు తోచలేదు.

గుడి, శిక్ష ఉన్న ఈ కథ మనకు దొరికేది రోమన్ కవి ఓవిడ్ దగ్గర, 'మెటమార్ఫొసీస్' నాలుగో భాగంలో, క్రీ.శ. 8 ప్రాంతంలో. అక్కడ అది పదికి అటూ ఇటూ పంక్తులే. దానికి ఏడువందల ఏళ్లు ముందటి హెసియడ్ 'థియోగొనీ'లో గోర్గన్‌లు ముగ్గురు అక్కచెల్లెళ్లు, ఫోర్కిస్, కీటో అనే సముద్ర దేవతల బిడ్డలు. మిగతా ఇద్దరికీ చావూ ముసలితనమూ లేవు. చావున్నది మెడూసా ఒక్కదానికే. పొసైడన్ ఆమెతో మెత్తటి పచ్చికలో, వసంతపు పూల మధ్య శయనించాడు. గుడి లేదు, శాపం లేదు, ఆమె అందగత్తె అన్న మాటా లేదు.

అందం లేకపోతే పొసైడన్ ఎందుకు వెళ్లాడని అడుగుతారు. వినడానికి గట్టి ప్రశ్నలాగే ఉంటుంది. కానీ అదే కావ్యంలో హెసియడ్ ఎకిడ్నా అనే రాక్షసిని వర్ణిస్తూ సగం చక్కని కన్నుల కన్య, సగం మహాసర్పం అంటాడు. అందం చెప్పదలుచుకుంటే రాక్షసి విషయంలోనూ చెప్పగల కవి, మెడూసా దగ్గర ఊరుకున్నాడు. పైగా పొసైడన్ గుర్రాల దేవుడు. మెడూసా మెడ తెగినప్పుడు పుట్టిన ఇద్దరిలో ఒకటి పెగసస్ అనే గుర్రం. లూవ్ర్ మ్యూజియంలో బొయోషియా ప్రాంతపు పెద్ద కాగు ఒకటుంది, క్రీ.పూ. ఏడో శతాబ్దం నాటిది. దాని మీద, ఆమెను చంపిన వీరుడు పెర్సియస్ ముఖం పక్కకు తిప్పుకుని ఆమె మెడ కోస్తున్నాడు. ఆమెకు స్త్రీ ముందుభాగం, వెనక గుర్రపు ఒళ్లు. ఆ కుమ్మరికి పొసైడన్ వ్యవహారం సందేహం పుట్టించలేదు.

హోమర్ ఇంకా విచిత్రం. ఆయనకు మెడూసా పేరే పట్టదు, తల ఒక్కటే తెలుసు. అది 'ఇలియడ్'లో ఎథీనా కవచం మీద, అగమెమ్నాన్ డాలు మీద కనిపిస్తుంది. 'ఒడిస్సీ'లో పాతాళం నుంచి పెర్సెఫొనీ ఆ తలను ఎక్కడ పంపుతుందోనని ఒడిసియస్ వణికిపోతాడు. అందుకే పండితురాలు జేన్ హారిసన్ 1903లో, ముందు పుట్టింది భయపెట్టే ముసుగేననీ, ఒళ్లూ కథా దానికి తర్వాత అతికించినవేననీ వాదించింది. కట్టే ఇంటికి వేలాడదీసిన దిష్టిబొమ్మకు తల్లిదండ్రులెవరని మనమూ అడగం కదా. హారిసన్‌తో నేను పూర్తిగా పోలేను, హెసియడ్ నాటికే కథ ఉంది గనుక. కానీ ఆ ముఖానికి కథతో నిమిత్తం లేని ఉద్యోగం ఉండేదన్నది కాదనలేం. గుడి చూరుల మీద, డాళ్ల మీద, నాణేల మీద, తాగే గిన్నెల అడుగున నాలుక వెళ్లబెట్టి, కోరలు చూపి, చూసేవాడి వైపు తిన్నగా చూస్తూ ఉంటుంది. పక్కకు తిరిగిన మనుషుల మధ్య అదొక్కటే ఎదురుగా చూస్తుందన్న సంగతి మీద ఫ్రెంచ్ పండితుడు జాన్-పియెర్ వెర్నాన్ 1985లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. క్రీ.పూ. 580 నాటి కోర్ఫూ ఆర్టెమిస్ ఆలయ శిల్పంలో మెడూసా నడుముకు పాములు పెనవేసుకుని ఉన్నాయి. తల ఇంకా తెగలేదు, అయినా పిల్లలిద్దరూ పక్కనే నిలబడ్డారు!

మరి అందం ఎప్పుడొచ్చింది? క్రీ.పూ. 490లో పిండార్ ఒక వేణువాదకుడి విజయగీతంలో ఆమెను చక్కని చెక్కిళ్లది అన్నాడు. ఓ నలభై, యాభై ఏళ్లకు పొలిగ్నోటస్ గీశాడనే జాడీ మీద, ఇప్పుడది న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది, మెడూసా మామూలు అమ్మాయిలా నిద్రపోతోంది. కోరల్లేవు. ఓవిడ్‌కు నాలుగున్నర శతాబ్దాల ముందే బొమ్మలో ఆమె మారిపోయింది.

నా వాదం ఇది. ఓవిడ్ చేతికి రెండు మెడూసాలు అందాయి, పాత కోరల ముఖం ఒకటి, కొత్త చక్కని ముఖం ఒకటి. ఈ రెండిటినీ కలపడానికి ఆయన ఒక కారణం చెప్పాడు. కావ్యంలోనూ అది ప్రశ్నకు జవాబుగానే వస్తుంది. పెళ్లి విందులో ఒక అతిథి, అక్కచెల్లెళ్లలో ఈమెకే పాముల జుట్టు ఎందుకని అడుగుతాడు. జవాబు చెప్పేది ఎవరు? చంపిన పెర్సియస్సే. ఆ ఎత్తిపొడుపును గమనించకుండా ఆ పంక్తుల్ని ఆదిమ సత్యంగా చదవడం ఓవిడ్‌కు చేసే అన్యాయం. తర్వాత పుట్టినంత మాత్రాన కథ చిన్నదైపోదు. 1554లో ఫ్లోరెన్స్‌లో శిల్పి చెల్లీనీ పెర్సియస్ చేతికి మెడూసా తలనిచ్చాడు. 2008లో లుచానో గర్బాతి పెర్సియస్ తలను మెడూసా చేతికిచ్చాడు. 2020లో ఆ విగ్రహాన్ని న్యూయార్క్ న్యాయస్థానం ఎదుట నిలిపారు. అది ఓవిడ్ కూతురు, హెసియడ్ కూతురు కాదు. అలా చెప్పుకుంటే నాకే తగాదా లేదు.

నేనిప్పుడు తెలుగులో కూర్చుతున్న గ్రీకు రాక్షసుల పుస్తకంలో అందుకే బొమ్మల్ని కాలక్రమంలో ముందు పెట్టి, కథల్ని వాటి వెనక పెడుతున్నాను. మెడూసా భాగం పూర్తయింది. సైరన్‌ల దగ్గర ఆగాను. జాడీల మీద వాళ్లు పక్షి ఒంటికి ఆడతల, హోమర్ వాళ్ల ఒంటి సంగతే ఎత్తడు, చేపతోక ఎంతో తర్వాత వచ్చి చేరింది. ప్రచురణకర్తకు మాత్రం అట్ట మీద ఓవిడ్ సుందరి కావాలట, అమ్ముడుపోతుందని. నేను కోర్ఫూ ముఖమే వేయాలంటున్నాను. ఇంకా తేలలేదు.