వాదము, జల్పము, వితండము



తత్త్వచింతన యనగానే అది పదవీ విరమణము తరువాత చూచుకొనవచ్చునని మనలో పలువురు తలంతురు. ఆత్మ, జగత్తు, మోక్షము వంటి గహన విషయములు దాని కున్నమాట నిజమే. కాని విషయము వేరు, విచారించు పద్ధతి వేరు. ఆ పద్ధతి కచేరీలో బల్లముందు కూర్చుండువారికిని, ఇంట బిడ్డలను పెంచువారికిని నిత్యము పనికివచ్చునని మనవి చేయుటయే నేటి నా ప్రయత్నము.

గౌతముని న్యాయసూత్రములు పదునారు పదార్థములను పేర్కొన్నవి. అందు వాదము, జల్పము, వితండము అను మూడు కలవు. సత్యమును తెలిసికొనవలెనను కోరికతో ఇరువురు ప్రమాణపూర్వకముగా చర్చించుట వాదము. గెలుపే గురిగా, మాటల మాయకును వెనుదీయక పోరాడుట జల్పము. తన పక్షమేదియో నిలుపక, ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొనుట వితండము. మాటల మాయకు శాస్త్రకారులు ఛలమని పేరిడిరి. "ఇతడు నవకంబళుడు" అని ఒకడనగా, క్రొత్త కంబళి గలవాడని అర్థము తెలిసియు, "తొమ్మిది కంబళు లెక్కడ? ఒకటియే యున్నది గదా!" అని ఆక్షేపించుట దానికి వారిచ్చిన ఉదాహరణము. సంఘముల సర్వసభ్య సమావేశములకు పోవు అలవాటున్న వారికి ఈ విద్య క్రొత్త గాదు.

బాలురకు సైతము సుబోధ మగునట్లు తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు మన తెలుగువాడు, 17వ శతాబ్దివాడు. అనుమానము స్వార్థమనియు, పరార్థమనియు రెండు విధములని ఆయన వివరించెను. పొగను చూచి నిప్పును తానెరుగుట స్వార్థము. ఇతరులకు తెలియజెప్పుట పరార్థము. దానికి ఐదు మెట్లు కావలెను. కొండపై నిప్పున్నది, ఏలయన పొగ యున్నది, పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటిలో వలె, ఈ కొండయు అట్టి పొగ గలదే, కావున నిప్పున్నది. ఇందు మూడవ మెట్టైన వంటయిల్లు గమనింపదగినది. పామరుడును పరీక్షకుడును ఏకీభవించునదే దృష్టాంతమని గౌతముని లక్షణము. ఇరువురకును సమ్మతమైన చోట కాలుమోపిన పిదపనే అడుగు ముందునకు వేయవలెనన్నమాట.

ఇంతకన్న కఠినమైన నియమము పూర్వపక్షము. ఎదుటివారి వాదమును దాని పూర్తి బలముతో చెప్పినగాని తన సిద్ధాంతమును చెప్పరాదు. మీమాంసకుల అధికరణములో విషయము, సంశయము, పూర్వపక్షము గడచిన తరువాతనే సిద్ధాంతమునకు చోటు. నాగార్జునాచార్యుని విగ్రహవ్యావర్తనిలో మొదటి 20 కారికలును తనపై వచ్చు ఆక్షేపణలే. 21వ కారికతో గాని ఆయన సమాధానము మొదలు గాదు.

మన దస్త్రములలో వ్రాయు టిప్పణములకును ఇది వర్తించును. దస్త్రము కాగితమునుండి కంప్యూటరు తెరపైకి మారినను ధర్మము మారలేదు. పై యధికారికి నచ్చునదే వ్రాసి, వ్యతిరేక కారణములను దాచిన టిప్పణము ఎంత చక్కగా నున్నను సగము టిప్పణమే.

అధికారముతో మాటలాడు చోట వాదమెట్లు నిలుచును? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. యవనరాజగు మిలిందుడు నాగసేన భిక్షువును చర్చకు పిలిచినపుడు, పండితుల రీతిని చర్చింతువా, రాజుల రీతిని చర్చింతువా యని భిక్షువు ముందుగా అడిగినట్లు పాళీ గ్రంథమైన మిలిందపన్హ తెలుపుచున్నది. పండితులు తప్పు చూపిన కోపింపరు. రాజులు ఎదురాడినవానిని దండింతురు.

ఈ రాజరీతి మన యిండ్లలోను కలదు. "నాన్నగారూ, తెలుగు లిపి నేనెందుకు నేర్వవలెను? బడిలో లేదు, పరీక్షలో లేదు. మీకు బదిలీ యైనచో మరియొక భాష వచ్చి పడును" అని దూరప్రాంతమున పెరుగు బాలుడు అడుగును. "మాతృభాష రానివాడు మనిషే కాడు" అని తండ్రి గద్దించును. బాలుడు చెప్పిన హేతువునకు ఇది సమాధానము కాదు. వాదమే చేయదలచినచో తండ్రి తొలుత వాని పక్షమును తానే చెప్పవలెను: ఇదివరకే రెండు లిపుల భారమున్నది, ఆటకు పొద్దు చాలదు, దీనికి మార్కులు రావు. పిదప సమ్మతమైన దృష్టాంతమును వెదకవలెను. అమ్మమ్మ ఫోనులో తెలుగున పంపిన నాలుగు పంక్తులను ఒకరు చదివిపెట్టగా వినుటకును, తానే చదువుకొనుటకును గల భేదము బాలునకు తెలియును. అక్కడినుండి సాగిన చర్చ దినమునకు పావుగంట అను నిర్ణయమునకు రావచ్చును. తండ్రి కోరినదానికన్న అది తక్కువే. అయినను బాలుడు తెలిసి ఒప్పుకొన్నది గనుక, తండ్రి ఊరలేని దినమునను అది సాగును.

ఇట్టి వాదములో మన పక్షము కొంత సడలవచ్చును. ఒక్కొక్కప్పుడు పూర్తిగా విడువవలసియు రావచ్చును. అందుకు సిద్ధపడనివాడు వాదమునకు కూర్చుండలేదు, జల్పమునకు కూర్చున్నాడు.

మిత్రులారా! రాబోవు వారములో ఏదేని అభిప్రాయభేదము వచ్చినపుడు ఒక్కమారు ఈ నియమమును పాటించి చూడుడు. ఎదుటివారి మాటను మీ నోట చెప్పి, "అవును, నా భావమదే" అని వారనిన పిమ్మటనే మీ సమాధానము నారంభింపుడు. నా యీ ప్రసంగమునకును పూర్వపక్షములుండును. వానిని వినుటకు సిద్ధముగా నున్నాను.