జనరల్ చౌధురీ: అందుకున్న పతకాలు, తెరవని ఫైలు

(జుగ్సలాయిలో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జనవరి 1 అనగానే మనకు భీమా కోరేగావ్ గుర్తొస్తుంది. జుగ్సలాయిలో బతికే మనకు ఆ తేదీ ఇంకొకటి కూడా గుర్తు చేయాలి. 1948లో అదే రోజున, ఇక్కడికి దగ్గర్లోని ఖర్సావాన్ సంత మైదానంలో, తమ సంస్థానాన్ని ఒరిస్సాలో కలపడానికి ఒప్పుకోని ఆదివాసీల మీద ఒరిస్సా మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపారు. ఎంతమంది చనిపోయారన్న లెక్క నేటికీ తేలలేదు. ఏటా నాయకులు వచ్చి పూలు వేసి వెళతారు. కాల్చమన్నవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారని అడిగేవాళ్ళు తక్కువ.

అదే ఏడాది, అదే ప్రశ్న హైదరాబాద్ విషయంలోనూ ఉంది. అక్కడ అధికారి పేరు అందరికీ తెలుసు: మేజర్ జనరల్ జయంతో నాథ్ చౌధురీ. సెప్టెంబర్ 13న మొదలైన సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది. నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ ఆయనకే లొంగిపోయాడు. ఆ తర్వాత 1949 చివరిదాకా చౌధురీయే మిలిటరీ గవర్నర్. సైన్యమూ, శాసనమూ ఒకే చేతిలో ఉన్న కాలం అది.

ఒక మాట ముందే చెప్పుకుందాం. విలీనం తప్పని మనం అనడం లేదు. నిజాం రాజ్యంలో వెట్టి ఎవరు చేశారో, రజాకార్ల దౌర్జన్యం ఎలా ఉండేదో మనవాళ్ళకు తెలుసు. షెడ్యూల్డు కులాల నాయకుల్లో బి.ఎస్.వెంకట్రావు నిజాం ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. శ్యాంసుందర్ నిజాం తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్ళారు. బాబాసాహెబ్ మాత్రం నిజాం పక్షాన నిలబడవద్దని 1947 నవంబర్‌లోనే చెప్పారు. కాబట్టి సైన్యం ఎందుకొచ్చిందన్నది మన ప్రశ్న కాదు. వచ్చాక ఏం జరిగింది, దానికి ఎవరు జవాబుదారీ అన్నదే మన ప్రశ్న.

నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో సంస్థానంలో తిరిగింది. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతా 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం అన్నిటికన్నా ఎక్కువ. సైన్యానికీ, స్థానిక పోలీసులకూ చెందిన కొందరు దోపిడీల్లో, ఇతర నేరాల్లో పాల్గొన్నారని కమిటీ రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తర్వాత పరిశోధకుల పుస్తకాల ద్వారానే అది జనం ముందుకొచ్చింది.

రెండో ఆరోపణ తెలంగాణ పల్లెలది. నిజాం లొంగిపోయాక సైన్యం కమ్యూనిస్టుల వైపు తిరిగింది. పారిపోయిన దేశ్‌ముఖ్‌లు సైన్యం వెనకాలే ఊళ్ళకు తిరిగొచ్చారు. 1951లో పోరాటం ఆగేనాటికి 4,000 మంది చనిపోయారనీ, 10,000 మందికి పైగా నిర్బంధంలో మగ్గారనీ పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టారు. బ్రిటిష్‌వాళ్ళు మలయాలో అమలుచేసిన పద్ధతే ఇది. ఇందులో కొంత భాగం చౌధురీ పదవి వదిలాక జరిగింది. కానీ దారి వేసింది ఆయన కాలమే.

మిలిటరీ గవర్నర్ రెగ్యులేషన్ కింద ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఏర్పడ్డాయి. 1949లో అవి తెలంగాణ రైతులకు ఉరిశిక్షలు వేశాయి. జనార్దన్ రెడ్డి కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. శిక్షలు రాజ్యాంగం అమలుకు ముందు పడ్డాయి, రాజ్యాంగం వెనక్కి వర్తించదు అని 1951లో కోర్టు చెప్పింది. చివరకు ఉరి యావజ్జీవమైంది. ఢిల్లీలో బాబాసాహెబ్ ఒక్కో అధికరణం మీద వాదిస్తున్న నెలల్లోనే హైదరాబాద్‌లో ఈ ట్రిబ్యునళ్ళు నడిచాయని మరవకండి.

న్యాయంగా చెప్పాలంటే, జాగీర్ల రద్దు కూడా చౌధురీ హయాంలోనే జరిగింది. ఆయనే హత్యలకు ఆజ్ఞ ఇచ్చారని నేను అనడం లేదు. ఆయన మీద ఏ కోర్టులోనూ విచారణ జరగలేదంటున్నాను. ఆయన ఉద్యోగం మాత్రం పైకే సాగింది. 1961లో గోవా చర్యకు సారథ్యం, 1962లో సైన్యాధిపతి పదవి, 1965లో పద్మవిభూషణ్, ఆపైన కెనడాలో హైకమిషనర్. నివేదిక అల్మారాలో ఉంది, అధికారి మెట్లెక్కాడు.

ఈ అలవాటు తర్వాత చట్టంగా మారింది. 1958 నాటి సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం ప్రకారం, ఆ చట్టం కింద చేసిన పనులకు కేంద్రం అనుమతి లేకుండా సైనికుల మీద కేసు నడవదు. మణిపూర్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ రక్షణ సంపూర్ణం కాదంది. అనుమతి ఇవ్వాల్సింది మాత్రం ఇప్పటికీ ప్రభుత్వమే.

రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. యూనిఫాం మీద భక్తికీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. సైనికుణ్ణి గౌరవించడం వేరు, లెక్క అడగకపోవడం వేరు.

పరిశోధన చేసే విద్యార్థులకు నాదొక విన్నపం. సుందర్‌లాల్ నివేదికనూ, జనార్దన్ రెడ్డి తీర్పునూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఖర్సావాన్‌లో మిగిలిన ఇళ్ళకు వెళ్ళి పేర్లు రాసుకోండి. చంపబడ్డవాళ్ళ పేర్ల జాబితా లేకుండా ఏ సేనాని జీవిత చరిత్రా పూర్తి కాదు.

జై భీమ్.