పెళ్లికొడుకు లోన్లు చెక్ చేయమంటే? బ్యాంకు డేటా అనలిస్టుకి తెలియాల్సిన చట్టం

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా డేటా అనలిస్ట్ జాబ్ కోసం ట్రై చేస్తున్నవాళ్లకి, అందులోనూ బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో చేరాలనుకునేవాళ్లకి. మన తిమ్మాజిపేట, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ సైడ్ నుంచి బీటెక్ అయిపోయి, అమీర్‌పేటలో రూమ్ తీసుకుని ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ నేర్చుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కోర్సులో జాయిన్లు చెప్తారు, డాష్‌బోర్డులు చెప్తారు. నిజమైన మనుషుల డేటా ముందు కూర్చున్నాక ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అనేది మాత్రం దాదాపు ఎవరూ చెప్పరు. ఈరోజు అది మాట్లాడుకుందాం.

ఒక సిచ్యుయేషన్ అనుకోండి. మీకు ఒక బ్యాంకులో జాబ్ వచ్చింది. గచ్చిబౌలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు. మూడో నెలలో అమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నమ్మ బిడ్డకు సంబంధం వచ్చింది బిడ్డా. పిలగాడు సాఫ్ట్‌వేరంట. నెలకు లక్షన్నర అంటున్నరు. మీ బ్యాంకులనే అకౌంట్ ఉన్నదంట. ఎంత వస్తున్నదో, అప్పులేమన్న ఉన్నయో జర చూసి చెప్పు."

ఐడీ మీదే, పాస్‌వర్డ్ మీదే, యాక్సెస్ ఆఫీసే ఇచ్చింది. రెండు లైన్ల క్వెరీ. పైగా అమ్మ అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. అప్పుల్లో మునిగినోడికి పిల్లనిస్తే రేపు ఏడ్చేది మన చెల్లెలే. ఆ భయం నిజమైనది, దాన్ని నేను తీసిపారేయను. అయినా ఆ క్వెరీ కొట్టకూడదు. ఎందుకో అర్థం కావాలంటే మన హైదరాబాద్‌లో మొదలైన ఒక కేసు తెలుసుకోవాలి.

1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ని సవరించారు. స్టాంప్ డ్యూటీ ఎక్కడైనా ఎగ్గొట్టారేమో చూడటానికి, కలెక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని ఎవరైనా సరే రికార్డులున్న చోటికి వెళ్లొచ్చు. చూడొచ్చు, నకళ్లు తీసుకోవచ్చు, అవసరమైతే ఆ పత్రాలు పట్టుకెళ్లొచ్చు. బ్యాంకులు కూడా దీని కిందికి వచ్చాయి. కస్టమర్లు లోన్ కోసం తెచ్చిచ్చిన ఇంటి పత్రాలు, ఒప్పందాలు అన్నీ అక్కడే కదా ఉండేది. కెనరా బ్యాంకు కోర్టుకి ఎక్కింది. హైకోర్టు ఆ సవరణని కొట్టేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్ పేరుతో ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2004 నవంబర్ 1న చీఫ్ జస్టిస్ ఆర్.సి. లహోటీ, జస్టిస్ అశోక్ భాన్ బెంచ్ తీర్పు ఇచ్చింది. బ్యాంకే గెలిచింది.

ఈ తీర్పులో మనకి పనికొచ్చే పాయింట్లు రెండు. మొదటిది, ప్రైవసీ అనేది గోడలకి, బీరువాలకి సంబంధించింది కాదు, మనిషికి సంబంధించింది. నా కాగితం మా ఇంట్లో ఉన్నా, బ్యాంకు లాకర్ రూమ్‌లో ఉన్నా, అందులో ఉన్న నా విషయం మీద నా హక్కు పోదు. రెండోది, "కలెక్టర్ పంపిన ఎవరైనా" అంటే ఎవరు? ఏ హోదా ఉండాలి, ఏ అనుమానంతో రావాలి అని చట్టంలో ఒక్క ముక్క లేదు. అలా కారణం లేకుండా, హద్దు లేకుండా చూసే అధికారం ఇవ్వడం చెల్లదని కోర్టు చెప్పింది.

అమెరికాలో 1976లో మిల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దీనికి రివర్స్‌లో చెప్పింది. బ్యాంకుకి ఇచ్చేశాక అది బ్యాంకు రికార్డు, మీ ప్రైవసీ అని అడగడానికి లేదంది. జనం గోల చేశాక 1978లో పార్లమెంటులాంటి వాళ్ల కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టం చేసి దాన్ని కొంత సరిచేసుకుంది. మన కోర్టు ఆ మిల్లర్ దారిలో వెళ్లలేదు. నా దృష్టిలో మనోళ్లు కరెక్ట్. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల పుట్టస్వామి తీర్పు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చినప్పుడు కూడా ఈ కెనరా బ్యాంకు కేసు ప్రస్తావన వచ్చింది.

ఇప్పుడు మీ సీటు దగ్గరికి రండి. అప్పట్లో బీరువాలో ఫైల్, ఇప్పుడు టేబుల్‌లో ఒక రో. కలెక్టరే కారణం లేకుండా చూడటానికి వీల్లేదని కోర్టు అన్నప్పుడు, చిన్నమ్మ బిడ్డ పెళ్లి కోసం మనం చూడొచ్చా? ఆఫీసు మీకు యాక్సెస్ ఇచ్చింది ఒక పని కోసం. ఆ పని దాటితే యాక్సెస్ ఉన్నా లేనట్టే.

గవర్నమెంట్ బ్యాంకులకి ఇది కొత్త సంగతి కూడా కాదు. బ్యాంకుల జాతీయకరణ చేసిన 1970 చట్టంలోనే 13వ సెక్షన్ ఉంది. కస్టమర్ల వివరాలు బయటపెట్టకూడదు, డ్యూటీలో చేరేముందు ఉద్యోగులు విశ్వసనీయత, గోప్యత పాటిస్తామని డిక్లరేషన్ ఇవ్వాలి. జాయినింగ్ రోజు ఇచ్చే కాగితాల కట్టలో మనం చదవకుండా సంతకం పెట్టేది అదే. ప్రైవేటు బ్యాంకుల్లో అయితే ఉద్యోగ ఒప్పందంలోనే రాసుంటుంది. ఒప్పందం ప్రకారం చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, ఒకరికి నష్టమో ఇంకొకరికి అక్రమ లాభమో అవుతుందని తెలిసి బయటపెడితే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ ఉంది. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "నేను ఎవరికీ చెప్పలేదు, ఊరికే చూశా" అన్నా ఉద్యోగం మిగలడం కష్టం. ఎందుకంటే మీరు కొట్టిన ప్రతి క్వెరీ మీ ఐడీతో లాగ్ అవుతుంది. ఆడిట్‌లో అడిగేది ఒక్కటే ప్రశ్న: ఈ కస్టమర్‌ని ఏ పని మీద చూశావు?

మరి చెల్లెలి సంబంధం సంగతి? అబ్బాయినే అడగమనండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒక్కో పూర్తి క్రెడిట్ రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్. అబ్బాయి తన రిపోర్ట్ తనే డౌన్‌లోడ్ చేసి చూపిస్తే ఏ చట్టం అడ్డురాదు. అడగడానికి మొహమాటం అంటారు. జాతకాలు అడగడానికి లేని మొహమాటం దీనికెందుకో నాకు అర్థం కాదు.

ఇక కొత్త చట్టం. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్, షార్ట్‌గా డీపీడీపీ. 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు. అసలు బాధ్యతలన్నీ 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అందుకే ఇప్పుడు బ్యాంకులన్నీ ఈ పని మీదే ఉన్నాయి. సరైన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు పెనాల్టీ. అది పడేది బ్యాంకు మీద, మీ మీద కాదు. కానీ 250 కోట్ల రిస్క్ ఉన్న మేనేజ్‌మెంట్ మీతో ఎలా ఉంటుందో ఊహించుకోండి. రూల్స్‌లో ఎన్‌క్రిప్షన్, మాస్కింగ్, యాక్సెస్ కంట్రోల్ అన్నీ పేరుపెట్టి ఉన్నాయి. లాగ్స్ ఏడాదిపాటు ఉంచాలి. డేటా లీకైతే ఆలస్యం చేయకుండా బోర్డుకీ, ఆ కస్టమర్లకీ చెప్పాలి. 72 గంటల్లో బోర్డుకి పూర్తి వివరాలు ఇవ్వాలి.

అనలిస్టుకి అసలు తలనొప్పి మాత్రం పర్పస్ అనే మాట దగ్గర. ఏ పని కోసం తీసుకున్న డేటాని ఆ పనికే వాడాలి. ఉదాహరణకి మన రైతుల రుణమాఫీ. 2024 జులై 18న మొదటి విడత లక్ష వరకు, ఆగస్టు 15న మూడో విడతలో 2 లక్షల వరకు. దీనికోసం బ్యాంకులు పంట రుణాల డేటా ఇచ్చాయి, కుటుంబాన్ని గుర్తించడానికి రేషన్ కార్డు చూశారు. ప్రభుత్వం సబ్సిడీ, పథకం ఇవ్వడానికి డేటా వాడుకోవడాన్ని డీపీడీపీ చట్టమే ఒప్పుకుంటుంది. సరే. రేపు మీ మేనేజర్ వచ్చి, "మాఫీ అయినోళ్ల లిస్ట్ తియ్, చేతిలో ఇప్పుడు అప్పు లేదు కాబట్టి ఇన్సూరెన్స్ అమ్ముదాం" అన్నాడనుకోండి. మనుషులు వాళ్లే, టేబుల్ అదే, పని మాత్రం మారిపోయింది. అక్కడ ఆగి, ఈ వాడకానికి కస్టమర్ ఒప్పుకున్నాడా, కంప్లయన్స్ టీమ్ ఓకే అన్నదా అని మెయిల్‌లో అడగాలి. నోటిమాట కాదు, మెయిల్. మేనేజర్‌కి కోపం రావచ్చు. రానివ్వండి.

ఇంకో విషయం, నాకు చాలా ముఖ్యం అనిపించేది. "అన్నా, పేరు తీసేశాం, ఫోన్ నంబర్ తీసేశాం, ఇంక ప్రైవసీ ప్రాబ్లం ఏముంది" అంటారు. హైదరాబాద్ డేటాకి అది కొంతవరకు నడుస్తుందేమో. మన ఊళ్లకి నడవదు. తిమ్మాజిపేట మండలంలో ఒక చిన్న ఊరు తీసుకోండి. రిపోర్ట్‌లో పేరు లేదు. "వయసు 58, మహిళ, ట్రాక్టర్ లోన్, 3 వాయిదాలు బకాయి" అని మాత్రం ఉంది. ఆ ఊళ్లో ట్రాక్టర్ లోన్ ఉన్న ఆడమనిషి ఒక్కరే ఉంటే? చాయ్ హోటల్ దగ్గర కూర్చున్న ఎవరైనా అరనిమిషంలో పేరు చెప్తారు. అమెరికాలో లటానియా స్వీనీ అనే కంప్యూటర్ సైంటిస్ట్ 2000లో ఇలాంటిదే లెక్కేసి చూపించింది. పిన్‌కోడ్‌లాంటి జిప్ కోడ్, పుట్టినతేదీ, ఆడా మగా, ఈ మూడు ఉంటే చాలు, దాదాపు 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని. అక్కడి సిటీల్లోనే అలా ఉంటే, అందరికీ అందరూ తెలిసిన మన పల్లెల్లో ఇంకెంత సులువు!

ఊళ్లో పరువు అంటే మీకు తెలుసు. బంగారం కుదవ పెట్టిన సంగతి పక్కింటికి తెలియకూడదని పొద్దున్నే జడ్చర్ల బస్సెక్కి అక్కడి బ్రాంచికి వెళ్లేవాళ్లు ఉంటారు. మన డాష్‌బోర్డు ఆ పరువు తీయకూడదు. అందుకే గ్రామం వారీగా వివరాలు ఇవ్వకండి, మండలం లేదా జిల్లా లెవెల్‌కి కలిపేయండి. వయసు 58 అని కాకుండా 50 నుంచి 60 అని పెట్టండి. ఏ బాక్సులోనైనా పదిమంది కంటే తక్కువ ఉంటే నంబర్ దాచేయండి. పది అనేది చట్టంలో ఉన్న అంకె కాదు, నేను చెప్పే జాగ్రత్త. మీ బ్యాంకు పాలసీలో వేరే అంకె ఉంటే అదే ఫాలో అవ్వండి.

డేటాని బయటికి తీసుకెళ్లడం గురించి కూడా చెప్పాలి. ఇంట్లో పని చేసుకుందామని ఎక్సెల్ ఫైల్ సొంత జీమెయిల్‌కి పంపుకోవడం, ఫార్ములా రావట్లేదని కస్టమర్ షీట్ మొత్తం ఏఐ చాట్‌బాట్‌లో పేస్ట్ చేయడం. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు టెస్టింగ్ కోసం అసలు కస్టమర్ డేటానే కాపీ కొట్టమని అడగడం చూశాను. అదేదో మామూలు విషయం అన్నట్టు అడుగుతారు. మోర్గాన్ స్టాన్లీలో ఒక ఉద్యోగి సుమారు 7,30,000 ఖాతాల డేటాని ఇంట్లో ఉన్న తన సర్వర్‌కి తీసుకెళ్లాడు. తర్వాత అందులో కొంత ఇంటర్నెట్‌లో కనబడింది. అతని మీద క్రిమినల్ కేసు నడిచి శిక్ష పడింది. కంపెనీకి 2016లో అక్కడి ఎస్‌ఈసీ 10 లక్షల డాలర్ల జరిమానా వేసింది. హైదరాబాద్‌లో జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, బ్యాంక్ ఆఫ్ అమెరికా లాంటి వాటి ఆఫీసులు ఉన్నాయి కదా. వాటిలో చేరితే అక్కడి కస్టమర్ల డేటాకి 1999 నాటి గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టం కూడా మీ ట్రైనింగ్‌లో వస్తుంది. భయపడకండి, మూలసూత్రం ఇదే.

డేటా లీకైతే ఏమవుతుందో మన తెలంగాణ ఇప్పటికే చూసింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్‌లో కాంటాక్ట్స్ మొత్తం లాక్కుని, అప్పు తీసుకున్నవాళ్ల చుట్టాలకి, ఫ్రెండ్స్‌కి మెసేజ్‌లు పెట్టి పరువు తీశారు. కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో చాలామంది మన వయసువాళ్లే. ఆ తర్వాత ఆర్‌బీఐ 2022లో డిజిటల్ లెండింగ్ గైడ్‌లైన్స్ తెచ్చింది, 2025 మేలో వాటిని డైరెక్షన్స్‌గా మళ్లీ ఇచ్చింది. రూల్ ప్రకారం నడిచే లోన్ యాప్ మీ కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, గ్యాలరీ ముట్టుకోకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైక్, లొకేషన్ ఒకసారి అడగొచ్చు, అదీ మీరు ఒప్పుకుంటేనే. ఈ వీడియో ఆపాక మీ ఫోన్‌లో సెట్టింగ్స్, యాప్స్, పర్మిషన్స్‌లోకి వెళ్లి చూడండి. ఏ లోన్ యాప్‌కైనా కాంటాక్ట్స్ ఆన్ అయి ఉంటే ఆఫ్ చేసి, ఆ యాప్ వెనక ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ ఉన్న బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీనో ఉందా చెక్ చేసుకోండి.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి ఒక చిన్న టిప్. "మా దగ్గర సెన్సిటివ్ డేటా ఉంటుంది, ఎలా హ్యాండిల్ చేస్తారు" అని అడిగితే చట్టాల పేర్లు అప్పజెప్పకండి. ఇందాకటి ట్రాక్టర్ లోన్ ఉదాహరణ చెప్పండి. పేరు తీసేసినా మనిషి ఎలా దొరికిపోతాడో, మీరు దాన్ని ఎలా ఆపుతారో వివరించండి. అది విన్నాక అవతలివాళ్లే ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతారు.

వచ్చే ఎపిసోడ్‌లో అకౌంట్ అగ్రిగేటర్ సంగతి చూద్దాం. మన బ్యాంకు స్టేట్‌మెంట్ మన పర్మిషన్‌తో ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్తుంది, ఇచ్చిన పర్మిషన్ వెనక్కి ఎలా తీసుకోవాలి అన్నది స్క్రీన్ మీద చేసి చూపిస్తా. ఉంటాను మరి, బై.