బరువైన కణాలతో ప్రామాణిక నమూనాకు పరీక్ష



మూల కణాలనూ, గురుత్వాకర్షణ తప్ప వాటి మధ్య పనిచేసే బలాలనూ వివరించే సిద్ధాంతాన్ని ప్రామాణిక నమూనా అంటారు. 2012లో హిగ్స్ బోసాన్ కనిపించడంతో ఈ నమూనా చెప్పిన కణాలన్నీ దొరికినట్లయింది. ఇక పరీక్షించడానికి ఏం మిగిలిందని మీరు అడగవచ్చు. ఆ కణాల ద్రవ్యరాశుల మధ్య లెక్క కుదురుతోందా అన్నది మిగిలింది.

ముందుగా వాటి బరువులు చూడండి. ప్రోటాన్ ద్రవ్యరాశి సుమారు 0.94 జీఈవీ. డబ్ల్యూ బోసాన్‌ది 80.4, హిగ్స్‌ది 125, టాప్ క్వార్క్‌ది దాదాపు 173. అంటే ఒక్క టాప్ క్వార్క్ బరువు బంగారు పరమాణువు బరువుకు దగ్గరగా ఉంటుంది!

క్వాంటం సిద్ధాంతం ప్రకారం డబ్ల్యూ బోసాన్ క్షణమాత్రం టాప్, బాటమ్ క్వార్కుల జంటగా మారి, తిరిగి డబ్ల్యూ కాగలదు. అంత బరువైన జంటను పుట్టించే శక్తి దానికి లేకపోయినా ఈ మార్పు ప్రభావం దాని ద్రవ్యరాశిపై పడుతుంది. టాప్ ఎంత బరువైతే ఈ ప్రభావం అంత ఎక్కువ. హిగ్స్ ప్రభావం మాత్రం చాలా స్వల్పం. ఇది కాగితం మీది ఊహ కాదు. జెనీవా దగ్గర 1989లో మొదలైన లెప్ యంత్రంలో టాప్ ఒక్కసారి కూడా పుట్టలేదు. అయినా అక్కడి జెడ్ బోసాన్ కొలతలను బట్టి టాప్ ద్రవ్యరాశి ఏ ప్రాంతంలో ఉండాలో ముందే అంచనా కట్టారు. 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో సీడీఎఫ్, డీజీరో బృందాలు టాప్‌ను కనుగొన్నప్పుడు అది ఆ ప్రాంతంలోనే దొరికింది.

కాబట్టి టాప్, హిగ్స్ బరువులు తెలిస్తే డబ్ల్యూ బరువును లెక్కించవచ్చు. లెక్క చెప్పేది సుమారు 80,357 ఎంఈవీ. కొలతలో తేడా వస్తే, మనం చూడని మరేదో బరువైన కణం అందులో చేయి పెట్టి ఉండవచ్చు.

2022లో సీడీఎఫ్ బృందం 80,433.5 ఎంఈవీ అని ప్రకటించింది. కొలతలో అనిశ్చితి 9.4 మాత్రమే. యాభై కిలోల బియ్యం బస్తాను ఆరు గ్రాముల కచ్చితత్వంతో తూచి, దాదాపు యాభై గ్రాములు ఎక్కువ ఉందని చెప్పినట్లన్న మాట. భౌతిక శాస్త్రజ్ఞులు ఉలిక్కిపడ్డారు.

తూచడం తేలిక కాదు. డబ్ల్యూ క్షయమైనప్పుడు వచ్చే న్యూట్రినో శోధకానికి చిక్కదు. దానితోపాటు వచ్చే మ్యూయాన్ అయస్కాంత క్షేత్రంలో ఎంత వంగిందో చూసి, లక్షలాది ఘటనలపై లెక్క కట్టాలి. ఆ వంపును కొలిచే కొలబద్ద సరిగా ఉందో లేదో, ద్రవ్యరాశి ముందే తెలిసిన జే-సై వంటి కణాలతో సరిచూసుకోవాలి. అసలు శ్రమంతా అక్కడే.

2024లో లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లోని సీఎంఎస్ బృందం 80,360.2 అని చెప్పింది, అనిశ్చితి 9.9. ఇది లెక్కతో సరిపోయింది. అదే యంత్రం మీది అట్లాస్ కొలత కూడా లెక్క వైపే ఉంది. ముంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు డీజీరో, సీఎంఎస్ ప్రయోగాలు రెండింటిలోనూ పాల్గొన్నారు.

ఇంచుమించు సమాన కచ్చితత్వం గల రెండు కొలతలు ఇంత దూరంగా ఉంటే, రెండూ సరైనవి కావడం కష్టం. నమూనా నిలిచిందనే నేనూ అనుకుంటున్నాను. కాని సీడీఎఫ్ కొలతలో ఎక్కడ తేడా వచ్చిందో ఎవరూ చూపలేదు. ఆ దత్తాంశాలను ఇచ్చిన టెవట్రాన్ యంత్రం 2011లోనే ఆగిపోయింది. కొత్తగా తూచే పని ఇక జెనీవాలోనే జరగాలి.