ఏడు తరాల హేలీ

సహవాసి తెలుగులోకి తెచ్చిన ‘ఏడు తరాలు’ చదివారా? దాని మూలం 1976లో వచ్చిన ‘రూట్స్’. రాసింది అలెక్స్ హేలీ, నల్లజాతి అమెరికన్.

చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో ముసలమ్మలు చెప్పుకునే తమ పూర్వీకుల కథలు విన్నాడు. డోలు కోసం కర్రకెళ్లి పట్టుబడ్డాడట ఒక కుర్రాడు. ఓడెక్కించి బానిసగా అమ్మేశారట. అతనే కుంటా కింటే. ఆ కథ పట్టుకుని హేలీ గాంబియాలోని జుఫురే పల్లెదాకా వెళ్లాడు.

ఆ పుస్తకంలో కల్పన ఉందన్నారు. వేరే నవల నుంచి తీసుకున్నాడని కోర్టుకూ లాగారు. ఆ మాటలూ కొట్టిపారేయలేం. అయినా అది చదివి ఎందరో నల్లజాతివారు తాతల పేర్లు వెతకడం మొదలెట్టారు. నాకదే పెద్ద సంగతి.

మనమూ అలాగే వెతుకుదాం. హరిశ్చంద్రపురం, టెక్కలి, పలాసవారూ! మీ ఇంట్లో ఒకప్పుడు బర్మాలోని రంగూను వెళ్లినవారున్నారా? పెద్దవాళ్లను అడగండి. పేర్లు రాసిపెట్టండి. ఎవరు వెళ్లారు, ఎవరితో వెళ్లారు, తిరిగొచ్చారా? ఈ వారమే అడగండి.