తాళం ఎవరి చేతిలో ఉంది?

(సికింద్రాబాద్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌ను పూర్తిగా ఆపివేయడం ఎవరికైనా సాధ్యమా అని మన యువకులు అడుగుతుంటారు. ప్రపంచమంతటా ఒక్కసారిగా ఆపగల మీట ఎక్కడా లేదు. వేలాది నెట్‌వర్కులు పరస్పర అంగీకారంతో కలిసి ఏర్పడినదే ఇంటర్నెట్. ఒక దారి మూసుకుపోతే సమాచారం మరో దారి వెతుక్కుంటుంది. 2008 జనవరిలో ఈజిప్టు తీరాన సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలో వేగం బాగా తగ్గింది గాని, ఇంటర్నెట్ ఆగిపోలేదు.

మన ఊరి ఇంటర్నెట్ సంగతి వేరు. మన ఫోన్లకు డేటా అందించేవి గుప్పెడు కంపెనీలు. వాటి లైసెన్సు ప్రభుత్వం చేతిలో ఉంది. ఒక్క ఉత్తర్వు చాలు, టవర్లు నిలబడే ఉంటాయి, డేటా మాత్రం రాదు.

కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఇంటర్నెట్ ఆగింది. 4జీ మళ్లీ వచ్చింది 2021 ఫిబ్రవరిలో. అది మనకు దూరమనుకున్నవారు కోనసీమను తలచుకోవాలి. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై 2022 మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. ఆపై అక్కడ మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేసే యువతీయువకులు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు చేరుకున్నారు. ఇళ్లు తగలబెట్టినవారితో పాటు, ఏ పాపమూ ఎరుగని లక్షలాది మంది శిక్ష అనుభవించారు.

వదంతులు ప్రాణాలు తీస్తాయన్నది నిజమే. ఆ బాధ మనకంటే ఎవరికి బాగా తెలుసు? అయితే ఇంటర్నెట్ ఆగినా వదంతి ఆగదు, నోటి మాటగా వీధులు దాటుతుంది. అది అబద్ధమని చూపే సాక్ష్యమే మన చేతికి అందదు. ఆపదలో ఉన్న బస్తీ తన గోడు బయటకు వినిపించుకోలేదు. ఆటో సోదరుడికి ఫోనులో రావలసిన కిరాయి రాదు, విద్యార్థి దరఖాస్తు గడువు దాటిపోతుంది.

ఈ అధికారానికి హద్దులున్నాయి. కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్ వేసిన పిటిషన్‌పై 2020 జనవరి 10న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దానిని రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ. నిరవధికంగా ఇంటర్నెట్ నిలిపివేయడం చెల్లదనీ, ఉత్తర్వులను ప్రచురించాలనీ, వాటిని కోర్టులో సవాలు చేయవచ్చనీ ఆ తీర్పు చెప్పింది. వెంటనే సేవలు పునరుద్ధరించమని మాత్రం ఆదేశించలేదు. ఆ కొరత మనం మరువరాదు. 2024 నిబంధనల ప్రకారం ఉత్తర్వులో కారణం, ప్రాంతం, వ్యవధి స్పష్టంగా ఉండాలి, వ్యవధి 15 రోజులు మించరాదు.

కనుక రేపు మన వీధిలో సిగ్నల్ పోతే, ఫోనును తిట్టుకుంటూ కూర్చోవద్దు. ఉత్తర్వు ఎక్కడ, కారణమేమిటి, ఎన్నాళ్లు అని లిఖితపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే హైకోర్టు తలుపు తట్టండి. పొరుగువాడి ఊరిలో ఆగినప్పుడూ ఇదే ప్రశ్న వేయండి. అతని కోసం అడగనివారి తరఫున, వారి వంతు వచ్చిననాడు అడిగే గొంతు ఉండదు.