గండికోట రాళ్ల నడుమ

ఈ ఉదయం మిమ్మల్ని ఒక చిన్న నడకకు తీసుకువెళ్లాలని ఆశిస్తున్నాను. గట్టి చెప్పులు వేసుకోండి, నీళ్ల సీసా మరువకండి. కడప జిల్లా కదా, నీడ తక్కువ.

జమ్మలమడుగుకు దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో గండికోట ఉంది. కోట ద్వారం దాటి ఊరి మధ్యగా నడిస్తే ఒక ప్రక్క మాధవరాయస్వామి ఆలయ గోపురం, మరొక ప్రక్క జుమ్మా మసీదు, దాని దగ్గరే పెద్ద ధాన్యాగారం కనబడతాయి. పాత జైలు కూడా ఉంది. ఇంకాస్త ముందుకు వెళ్తే నేల ఒక్కసారిగా ఆగిపోతుంది. క్రింద పెన్నానది! ఎర్రమల కొండలను నది కోసుకుంటూ పోయిన గండి అది. కోటకు ఆ పేరు వచ్చింది దానినుండే. అంచుకు మరీ దగ్గరగా వెళ్లకండి, అక్కడ పిట్టగోడ లేదు.

ఇప్పుడు మీ కాలిక్రింద రాయిని చూడండి. ఎర్రగా, పలకలు పలకలుగా, ఎవరో పేర్చినట్టు ఉంటుంది. దాని పేరు క్వార్ట్‌జైట్. దాదాపు నూరు కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ లోతులేని సముద్రముండేది. దాని ఇసుక పొరలుగా పడి, రేణువుల సందుల్లో సిలికా చేరి, గట్టిపడి ఈ రాయి అయింది. ఇసుకే! వేళ్ల సందుల్లోనుండి జారిపోయే ఇసుక ఇంత కఠినమైన బండ అయిందంటే ఆశ్చర్యం కాదా? కోటగోడలు కట్టిందీ ఈ కొండరాయితోనే. గండి వైపు నది కాపలా కాసింది, మిగిలిన వైపు మనుష్యులు గోడ కట్టుకున్నారు.

పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్ల తరువాత టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వర్తకుడు అతణ్ణి కలవడానికి ఇక్కడికి వచ్చి, పైకి వచ్చే దారి ఎంత ఇరుకో వ్రాసిపెట్టాడు. అంత ఇరుకు దారి, అంత లోతు గండి, అంత ధాన్యం. అయినా కోట చేతులు మారింది.

దావీదు దేవుని తన శైలమనీ కోట అనీ పిలిచిన 18వ కీర్తన మీకు తెలుసు. ఆ మాట అన్నవాడు చాలాకాలం ఏ కోటలోనూ లేడు, గమనించారా? సౌలు తరుముతుంటే అదుల్లాము గుహలో, ఏన్గెదీ కొండల్లో దాగాడు. యూదయ కొండలు సున్నపురాయి. వాననీరు దాన్ని కరిగించి గుహలు తొలుస్తుంది. గండికోట రాయి అంత సులువుగా కరగదు. దావీదుకు బండ అంటే చూడముచ్చటైన దృశ్యం కాదు, ఆ రాత్రికి తల దాచుకునే చోటు. అతనితో చేరినవారు ఎవరు? ఇబ్బందులలో ఉన్నవారు, అప్పులపాలైనవారు.

ఇది చెప్పడానికి కారణముంది. కోటకు ఎగువన పెన్నాపై గండికోట జలాశయముంది. దాని సామర్థ్యం 26 టి.ఎం.సి.లకు పైమాటే. ఎండిన రాయలసీమ పొలాలకు ఆ నీళ్లు కావాలి, కాదనలేము. అయితే ఆ నీళ్లు నిండడానికి కొన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరులోకి నీరు వచ్చింది. వాకిళ్లు, వేపచెట్లు, పెద్దల సమాధులు విడిచి జనం పునరావాస కాలనీలకు వెళ్లారు. గండి అంచున నిలబడి ఫోటో తీసుకునేటప్పుడు వీళ్లు మన కంటికి కనబడరు.

ఈసారి మీ సంఘ యౌవనస్థులు విహారయాత్రకు గండికోట వెళ్తే, తిరుగు దారిలో అలాంటి కాలనీలో ఒకచోట బస్సు ఆపించండి. టీ త్రాగండి. అక్కడి పెద్దవారిని, "అయ్యా, మీ పాత ఊరు ఏది?" అని అడగండి. వాళ్లు చెప్పడం మొదలుపెడితే మధ్యలో లేవకండి, బస్సు కాసేపు ఆగుతుంది.